కనకము - కాయకము - దాసోహము

బంగారమునకు తెలుగున పసిడి, పైడి, పుత్తడి, పొన్ను అని పేళ్లు గలవు. సంస్కృతమున సువర్ణము, హిరణ్యము, హేమము, కాంచనము, కనకము మున్నగు పేళ్లు అమరకోశము వల్లించిన బాలురకు గూడ తెలిసినవే. అదే అమరకోశమున ఉమ్మెత్త చెట్టునకు చెప్పిన పర్యాయపదములలో ‘కనకాహ్వయము’ అనునది యొకటి. కనకము యొక్క పేరు గలదని దాని యర్థము. పాడుగోడల మొదళ్లను, బాటల ప్రక్కలను ఎవరును నాటకయే, నీరు పోయకయే మొలచు నీ మొక్క పువ్వు శివపూజకు మిక్కిలి ప్రశస్తము. కొని తేదగిన కనకమునకును, కోసి తేదగిన కనకమునకును నిఘంటువు ఒకే పేరు పెట్టినది. శివుడు రెండవదానిని శిరమున ధరించెను.

ఇట్టిదే మరియొక చిత్రము గురువెందగింజ. ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు దారిలో కొత్తగూడెము, పాల్వంచ దాటిన పిమ్మట అడవి దగ్గరగును. అట్టి అడవి యంచుల పొదలపై ప్రాకు తీగ కాయలు పగిలి, ఎఱ్ఱని యొడలును నల్లని ముచ్చికయు గల గింజలు నేల రాలుచుండును. ఏరుకొనువానికి వాని వెల యేమియు లేదు. అయినను తరతరములుగా కంసాలి త్రాసులో పసిడిని తూచినది ఈ గింజయే. గింజ యెత్తు సుమారు 0.12 గ్రాము. లోకమున అత్యంత ప్రియమైన లోహమునకు కొలత నిచ్చినది వెలలేని యడవి గింజ యని తలచినపుడు, వస్తువు యొక్క విలువ వస్తువునందే యున్నదా, లేక దానిని గ్రహించు చేతియందును, చేరు చోటునందును ఉన్నదా యను ప్రశ్న పుట్టక మానదు. శాస్త్రములును, శరణుల వచనములును బంగారమును గూర్చి పలికిన పలుకు లన్నియు నీ ప్రశ్న చుట్టును తిరుగుచున్నవి.

వేదమున బంగారము దోషవస్తువు కాదు. శ్రీరుద్రము రుద్రుని బంగారు బాహువులు గలవానిగా కీర్తించినది. ఋగ్వేదము పదియవ మండలమునందలి 121వ సూక్తము సృష్ట్యాదిని హిరణ్యగర్భునితో ఆరంభించినది. అగ్నిచయనమను మహాయాగమున ఇటుకలతో వేదిని పేర్చుటకు మున్ను తామరాకుపై బంగారు ఫలకమును, దానిపై బంగారు పురుషుని ప్రతిమను ఉంచి, ఆ పైన ఇటుకలను పేర్తురు. వేది పూర్తియైన పిదప ఆ బంగారము ఎవరి కంటను పడదు. బంగారమనగా అమృతత్వమే యని శతపథ బ్రాహ్మణము చెప్పినది. దీనికి కారణమును ఊహించుట కష్టము కాదు. ఇనుము త్రుప్పు పట్టును, రాగి చిలుము పట్టును, వెండి నల్లబడును. బంగారము అగ్నిలో పడినను తన తత్త్వమును విడువదు. చావులేనిదానికి లోకమున గుర్తుగా చూపదగిన వస్తువు వేరొకటి వారికి కనబడలేదు.

అయితే ఆ వేదమే దాని రెండవ ముఖమును గూడ చూపినది. ఈశావాస్యమున సత్యము యొక్క ముఖము బంగారు పాత్రతో కప్పబడి యున్నదనియు, దానిని తొలగింపుమనియు పూషుని ప్రార్థించు ఋషి గలడు. మూత మట్టిదైనచో ఎవడైనను తీసి లోపల నేమున్నదో చూచును. బంగారు మూతను చూచినవాడు మూతనే చూచుచు నిలుచును. బృహదారణ్యకమున మైత్రేయి, ఈ భూమి యంతయు ధనముతో నిండి తనదైనచో తాను అమృత నగుదునా యని భర్త నడిగినది. ధనము వలన అమృతత్వమునకు ఆశ లేదని యాజ్ఞవల్క్యుడు నిర్మొగమాటముగా చెప్పెను. అమృతమునకు గుర్తైన బంగారము అమృతమును ఈయజాలదన్నమాట. గుర్తు వేరు, గుర్తింపబడినది వేరు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు మట్టిముద్దతో పాటు లోహపు ముద్దను గూడ దృష్టాంతముగా చూపెను. లోహమనగా ఇచట బంగారమని వ్యాఖ్యాతలు. ఆ ఒక్క ముద్ద నెరిగిన కడియము, కమ్మ, హారము అన్నియు ఎరిగినట్లే. మార్పు నామరూపములది, ఉన్నది పసిడి. కంసాలికి ఇది ఉపదేశింప నక్కరలేదు. నగ యెంత సొగసైనదైనను అతడు మూసలో వేయునపుడు దాని పేరును గణింపడు గదా.

ఇక వీరశైవమునకు వత్తము. బసవేశ్వరుడు సన్న్యాసి కాడు, అడవిలో తపస్సు చేసినవాడు కాడు. 12వ శతాబ్దిని కల్యాణ నగరమున కలచుర్య బిజ్జలుని యొద్ద భండారిగా నుండినవాడు. అనగా దినదినమును బంగారమును ఎంచుట, తూచుట, లెక్క వ్రాయుట ఆయన కాయకము. బంగారమును గూర్చి బోధించిన మహాత్ములలో పెక్కురు దానికి దూరముగా నుండి బోధించిరి. బసవన్న దాని నడుమ కూర్చుండి బోధించెను. రేపటికొరకని ఒక పసిడి తునకను గాని, చీరలో నొక నూలుపోగును గాని తాను కోరినచో శివుని యానయని ఆయన యొట్టు పెట్టుకొన్న వచనము గలదు. ఈ మాట భిక్షుకుడు పలికిన నంత విశేషము కాదు, భండారి పలికెను గనుకనే దానికి బరువు. ధనవంతులు దేవాలయములు కట్టింతురు, బీదనైన తన దేహమే దేవాలయము, తన శిరమే బంగారు కలశము అను భావము గల ఆయన వచనము మిక్కిలి ప్రసిద్ధము. గుడి శిఖరముపై నిలుచు కలశమును ఆయన మానవుని తలపైకి తెచ్చెను. కొని తేవలసిన బంగారము దానితో అవసరము లేకపోయెను.

అల్లమప్రభువు మాట ఇంకను సూటియైనది. లోకులు పొన్ను మాయ, పెండ్లము మాయ, మన్ను మాయ యని నిందింతురు. ఆ మూడును మాయలు కావు, మనస్సు ముందట నిలిచిన ఆశయే మాయయని ఆయన తేల్చెను. బంగారమును తిట్టి తప్పించుకొనుటకు దీనితో త్రోవ మూసికొనిపోయినది. సత్యక్క యను శివశరణి మరియొక మెట్టు దిగి, నిత్యజీవనమునకు వచ్చినది. లంచమునకు, వంచనకు చేయి చాపననియు, దారిలో పొన్నుగాని వస్త్రముగాని పడియున్నను ముట్టి యెత్తననియు ఆమె ప్రతిన. శరణుల వాకిళ్లు ఊడ్చుట ఆమె కాయకమని చెప్పుదురు. వాకిలి ఊడ్చువారి కంటికే జారిపడిన నగ మొదట కనబడును. ఆమె వ్రతమునకు ఆ చీపురు సాక్షి.

బంగారమును గూర్చిన శరణకథలలో ఈ అడవి యంచున నివసించువారి హృదయమునకు మిక్కిలి దగ్గరయైనది మోళిగ మారయ్య కథ. మోళిగ యనగా కట్టెల మోపు. ఈయన పూర్వాశ్రమమున కాశ్మీర దేశమునకు రాజనియు, రాణి మహాదేవితో కూడ రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపు కట్టి అమ్మి, ఆ వచ్చిన దానితో జంగమార్చన చేయుచుండెననియు సంప్రదాయము. తునికాకు కట్టలును, వంటచెఱకు మోపులును నెత్తిన పెట్టుకొని తెల్లవారక మున్నే అడవి నుండి సంతకు నడచివచ్చు స్త్రీపురుషులను చూచినవారికి మారయ్య యెవరో వేరుగా వర్ణింప నక్కరలేదు. మెడ నరములు బిగిసి, చుట్టకుదురు క్రింద నొసట చెమట కారుచుండ నడచు నా రూపమే ఆయనది.

బసవన్న ఒకనాడు మారయ్య ఇంట లేని సమయమున జంగమ వేషమున ఆ గుడిసెకు వచ్చెను. మహాదేవమ్మ పెట్టిన అంబలిని ప్రసాదముగా స్వీకరించెను. ఇంత పేదరికమున ఇంత భక్తియా యని మనస్సు కరగి, వారి కంటబడకుండ నాణెముల మూటలు రెండు అచట విడిచిపోయెను. ఉద్దేశము మంచిదే. సాయంకాలమున మారయ్య వచ్చి మూటలను చూచి, ఇది ఎవరి పనియో గ్రహించి, నొచ్చుకొనెను. జంగములను పిలిచి ఆ సొమ్మును వారికే పంచివేసెను. పిమ్మట జంగమ పాదోదకమును కట్టెల మోపుపై చిలుకగా కట్టెలన్నియు బంగారమయ్యెను. అది విని బసవన్న పరుగున వచ్చి క్షమింప వేడెను.

ఈ కథను పురాణ శ్రవణములలో సాధారణముగా మహిమ కొఱకే చెప్పుదురు. కట్టెలు పసిడి యగుటను వర్ణించునపుడు శ్రోతలు తలలూపుదురు. కాని కథలోని ముల్లు అచట లేదు. మారయ్యకు బంగారము చేయ శక్తి యుండియు, మరునాడు మరల గొడ్డలి బుజమున వేసికొని అడవికే పోయెను. తన కాయకము వలన వచ్చినది కాదు గనుక ఆ మూట ఆయనకు బరువయ్యెను. దాత యెంతటి మహానుభావుడైనను, తీసికొనువాని కాయకమును చిన్నబుచ్చు దానము దానము కాదని ఆయన బసవన్నకే పాఠము చెప్పెను. బసవన్న ఆ పాఠమును స్వీకరించుట ఆయన గొప్పతనము. గురువునే దిద్దు కథలను దాచక చెప్పుకొను సంప్రదాయములు లోకమున అరుదు. అయిదక్కి మారయ్య ఒకనాడు నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ మందలించి అధికమును తిరిగి ఇచ్చి రమ్మన్న కథయు ఈ కోవలోనిదే.

బసవన్న జీవితమునందలి మరియొక ఘట్టమును పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిని ద్విపదగా రచించిన బసవపురాణమున విపులముగా చెప్పెను. ఓర్వలేనివారు బిజ్జలుని యొద్దకు పోయి, భండారి రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పిరి. బిజ్జలుడు లెక్క చూపుమనెను. బసవన్న భండారమును తెరపించెను. నాణెములను ఎంచి చూడగా ఒక్కటియు తగ్గలేదు. భక్తుల దృష్టిలో ఇది శివుని మహిమ. సందేహము లేదు. అయినను ఆలోచింపదగిన అంశమొకటి కలదు. జంగమార్చనకు వెచ్చించినచో రాజధనమైనను దోషము లేదని కవి తలచినయెడల, ఈ లెక్క చూచు ఘట్టమే అవసరము లేదు. శివుని సొమ్ము శివునికే చేరినదని బసవన్న చేత ఒక మాట పలికించి కథను ముగింపవచ్చును. సోమనాథుడు అట్లు చేయలేదు. పెట్టె తెరువవలసినదే, నాణెము ఎంచవలసినదే.

ఇక్కడనే భద్రాచలము స్మరణకు వచ్చును. గోదావరి గట్టునందలి ఆ క్షేత్రము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండి, పిమ్మట ఖమ్మము జిల్లాలో చేరి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఆ గుడి కథయు బంగారము లేకయే మొదలగును. పోకల దమ్మక్క యను గిరిజన స్త్రీ పుట్టలో వెలసిన రాముని కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండును నివేదించెనని స్థలపురాణము. మారయ్య ఇంటి అంబలికిని దమ్మక్క తాటిపండునకును దూరము లేదు.

తరువాత వచ్చినవాడు కంచర్ల గోపన్న, ఖమ్మము సమీపమున నేలకొండపల్లివాడు. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా 1672 నుండి 1687 వరకు ఏలెను. ఆ కాలమున మేనమామలైన అక్కన్న మాదన్నల ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. రామునకు రాతిగుడి కట్టించెను, నగలు చేయించెను. కొన్ని కథనములలో మొదట ప్రజల చందాలతోనే పని మొదలిడెననియు, అవి చాలక సర్కారు శిస్తును వాడెననియు ఉన్నది. ఆరు లక్షల వరహాలని ప్రజల నోటి లెక్క. శిస్తు గోలకొండ చేరలేదు. గోపన్న చెఱసాల పాలయ్యెను. పండ్రెండేండ్లని సంప్రదాయము చెప్పును. తానీషా యేలిన కాలమంతయు పదునైదేండ్లే యనునది గమనింపదగినది.

ఆయన కారాగారమున పాడినదని ప్రసిద్ధమైన ఇక్ష్వాకు కులతిలకుని కీర్తన తెలుగు దేశమున వినని వారుండరు. సీతమ్మకు చింతాకు పతకము, భరతునకు పచ్చల పతకము, రామునకు కలికితురాయి యని నగ నగను పేర్కొనుచు, పలు నగల వెలను గూడ వేల మొహరీలలోను వరహాలలోను ఆ కీర్తనలో చెప్పెను. భజనలో పాడుకొను ఈ పాట నిజమునకు ఒక లెక్కల పద్దు. గుమాస్తా తన యజమానికి అప్పగింపవలసిన ఖర్చు పట్టీని భక్తుడు దేవునికి అప్పగించుచున్నాడు. నడుమ కోపము వచ్చి, ఇదంతయు ఎవరి సొమ్మనుకొంటివి, నీ తండ్రి పంపెనా, నీ మామ యిచ్చెనా యని నిలదీసెను. పిదప దెబ్బల బాధకు తాళలేక తిట్టితినని క్షమింప వేడెను. ఎవరి సొమ్మను ఆ ప్రశ్న దేవునికి వేసినదైనను, దాని మొన ప్రశ్నించినవాని వైపునకే తిరిగి యున్నదని ఆయనకు తెలియకపోలేదు. దశరథుడు పంపలేదు, జనకుడు ఈయలేదు. పాల్వంచ పరగణాలోని రైతు తన చేను పండించి కట్టిన శిస్తది. సర్కారు లెక్కలో అది తానీషా సొమ్ము.

గోపన్న భక్తిని శంకించువారెవరును లేరు. శంకింప రాదు. తనకు మేడ కట్టుకొనలేదు, తన పిల్లలకు నగలు చేయింపలేదు. కాని కాయక దాసోహ సిద్ధాంతము నెరిగినవారు ఒక ప్రశ్న అడుగక తప్పదు. దాసోహమనగా తన కాయకము వలన వచ్చినదానిని నేను దాసుడనని సమర్పించుట. పరుల కాయకమును సమర్పించుట దాసోహ మగునా? తహసీలుదారు కాయకము శిస్తు వసూలు చేసి చేర్చుట. చేర్చవలసిన చోట చేర్చనిచో, చేర్చిన చోటు దేవాలయమైనను ఆ కాయకము లోపము పొందినట్లే. తానీషాను దుర్మార్గునిగా చిత్రించి ఈ ప్రశ్నను దాటవేయుట సులభము. కాని అనుమతి లేక తన సొమ్ము వ్యయమైనచో ఏ యజమాని లెక్క యడుగడు? బిజ్జలుడును అడిగెను గదా.

అంతయు ఈశ్వరుని సొత్తే గనుక లెక్క ఎవరికి చెప్పవలెనని కొందరు వాదింతురు. ఈ వాదమునకు సమాధానము రామదాసు కథయే చెప్పుచున్నది. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేళ్లతో ఒక రాత్రి తానీషా యొద్దకు వచ్చి, బాకీ యంతయు రామమాడలను బంగారు నాణెములుగా కుప్ప పోసిరట. అంతటితో పోలేదు. రసీదు వ్రాయించుకొనిరి. ఆ రసీదును చెఱసాలలో నిదురించుచున్న గోపన్న తలక్రింద ఉంచి పోయిరి. చరిత్రకారుడు దీనిని అంగీకరింపకపోవచ్చును. కాని కథను అల్లిన ప్రజల మనస్సు ఏమి నమ్మినదో చూడుడు. దేవుని గుడికే ఖర్చైనది గదా, బాకీ యేమిటని రాముని చేత వారు పలికింపలేదు. బాకీ బాకీయే. దేవుడు దిగివచ్చినను చెల్లింపవలసినదే, చీటీ తీసికొనవలసినదే. కల్యాణమున శివుడు భండారమును నిండుగా నుంచెను, గోలకొండలో రాముడు లోటును పూడ్చెను. రెండు సంప్రదాయములు, వేర్వేరు శతాబ్దులు. ధర్మసూక్ష్మము ఒక్కటే. తేడా యొక్క చోట నున్నది. బసవన్న కథలో లోటే లేదు గనుక శరణునకు తలవంపు లేదు. గోపన్న కథలో లోటు తీరినది, చెఱ నుండిన యేండ్లు మాత్రము తిరిగి రాలేదు.

1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను పట్టుకొనెను. తానీషా బందీగా దౌలతాబాదు కోటకు కొనిపోబడెను. కారాగారము ఆయన వంతైనది. గోపన్న చేయించిన నగలు భద్రాచలమున నేటికిని ఉన్నవని భక్తులు చూచి మ్రొక్కుదురు. తానీషా కాలము నుండి వచ్చినదని చెప్పు ఆచారము ననుసరించి శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రములు సమర్పింపబడుచున్నవి. ఒకప్పుడు అడుగక తీసిన భండారము నుండియే ఇప్పుడు బహిరంగముగా, మంజూరు చేసి ఇచ్చుచున్నారు.

గురుపూజలకు, మఠముల మరమ్మతులకు, జయంతి యుత్సవములకు చందాలు ప్రోగుచేయు సంఘముల కోశాధికారులు తమను లెక్క యడిగినచో భక్తికి అవమానము జరిగినట్లు నొచ్చుకొనుట కలదు. బసవన్నను అడిగిరి. ఆయన నొచ్చుకొనలేదు, తాళము తీసెను. రామునంతటివాడు రసీదు తీసికొనగా, మానవమాత్రులు రసీదు పుస్తకమును భారముగా తలచుట వింతయే.

చివరకు ఇంటింటి విషయ మొకటి. ఇష్టలింగమును ధరించు లింగకాయ కొందరి మెడలో వెండిది, కలిగినవారి మెడలో బంగారుది. లేనివారు లింగమును వస్త్రమున ముడిచి శివదారముతో ధరింతురు. పెండ్లి సంబంధములు మాటలాడునపుడు బంగారు కాయ పెట్టుదురా యని అడుగుట అచ్చటచ్చట వినవచ్చుచున్నది. అడుగువారు కంసాలి అంగడిని ఒకమాఱు తలచుకొన్న చాలును. కాయ నొక్కు పడి బాగుచేయ నిచ్చునపుడు, లింగమును బయటికి తీసి, ఉతికిన గుడ్డలో చుట్టి మెడకు కట్టుకొని, ఒట్టి కాయను మాత్రమే అతని చేతికిత్తురు. అతడు దానిని త్రాసులో వేసి, ఎన్ని గ్రాములో చీటీపై వ్రాసి ఇచ్చును.